పై ఆకు కోసం గుంటూరు: గదులు, కొట్లు, ఒక పనివాడు

సిగార్‌ని మన ఇష్టానికి తగ్గట్టు కూర్పించుకుందామని గుంటూరు వెళ్లేవాళ్లు మొదట పట్టించుకోవాల్సింది హోటల్ గదిని. ఆకు సంగతి ఆ తర్వాత. వినడానికి వింతగా ఉంటుంది గానీ, పై ఆకు, అంటే సిగార్ మీద చివరగా చుట్టే ఆకు, ఎంచడమంతా తేమ మీద నడిచే వ్యవహారం. ఏసీ గదిలో రాత్రంతా ఉంచిన పలచటి ఆకు తెల్లారేసరికి అప్పడంలా విరుగుతుంది. అలా ఎండిన ఆకుని సాగదీసి చూడలేం, ఆకు ఈనెలు మెత్తగా ఉన్నాయో లేదో తెలియదు, నున్నదనం తెలియదు. అందుకని హోటళ్ల దగ్గరే మొదలుపెడతాను.

నేను, మా బావమరిది సంక్రాంతి దాటాక బయల్దేరాం. పొద్దున్నే మంచు పడే రోజులు కావాలనే ఆ సమయం ఎంచుకున్నాం. ఎండాకాలం ఆ వైపు వడగాలికి ఆకు ముట్టుకుంటే పొడైపోతుంది. మొదటి రాత్రి విజయవాడలో, గాంధీనగర్‌లో దిగాం. సౌకర్యానికి విజయవాడకి వంక పెట్టడానికి లేదు. అన్ని ధరల్లో గదులున్నాయి, రైల్వేస్టేషన్ దగ్గర, పొద్దున్నే బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ. కానీ మేం దిగిన చోట ఫోన్లో ‘కిటికీ తెరుచుకుంటుందండీ’ అని చెప్పి, తీరా వెళ్తే అద్దం బిగించేసిన గది ఇచ్చారు. ఏసీ ఆపితే ఊపిరాడదు, వేస్తే ఆకు ఎండుతుంది. గాలిలో తేమ కొలవడానికి నాతో తీసుకెళ్లిన చిన్న హైగ్రోమీటర్ రాత్రంతా 45 శాతం దాటలేదు. మార్చమని అడిగితే అన్ని గదులూ అంతేనన్నారు. తెచ్చిన ఆకుల్ని తడిగుడ్డతో సహా జిప్ కవర్లో పెట్టి, ఆ కవర్ని స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించాల్సి వచ్చింది.

గుంటూరులో అరండల్‌పేట సందులో ఒక పాత లాడ్జి దొరికింది. ఏసీ లేదు. చెక్క కిటికీ, కింద రోడ్డు మీద తెల్లవారుజాము నుంచే ఆటోల రొద. వేడినీళ్లు కావాలంటే కుర్రాడు బకెట్‌తో తెచ్చిపెట్టాలి. పక్కమీది దుప్పటి మాత్రం ఉతికి ఆరేసిందే. ఆ గదిలో పొద్దున అయిదింటికి హైగ్రోమీటర్ 68 చూపించింది. సిగార్ ఆకుకి కావాల్సింది సరిగ్గా అదే, 65 నుంచి 70 మధ్య. పని మీద వెళ్లేవాళ్లకి నేను ఆ లాడ్జి లాంటి గదినే చెబుతాను. కుటుంబంతో వెళ్తే వేరు. విద్యానగర్‌లో ఐటీసీ వాళ్లు 2022లో తెరిచిన వెల్‌కమ్ హోటల్ ఉంది, అక్కడ కాఫీ తాగి వచ్చాం, మర్యాదలో లోటు లేదు. ఆకు పని పెట్టుకుని దిగే చోటు మాత్రం కాదది.

ఇంకొక మాట. కూర్పు పరీక్షించాలంటే కాల్చి చూడాలి. ఏ గదిలోనూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం ముప్ఫై గదులో, అంతకన్నా ఎక్కువో ఉన్న హోటల్ పొగతాగేవాళ్లకి విడిగా చోటు పెట్టొచ్చు. పెట్టి తీరాలనేం లేదు. బుక్ చేసేముందే అడగాలి. బహిరంగ స్థలాల్లో కాలిస్తే 200 రూపాయల దాకా జరిమానా.

రెండు ఊళ్ల మధ్య రాకపోకలకి ఏ ఇబ్బందీ లేదు. నెహ్రూ బస్టాండు నుంచి గుంటూరుకి బస్సులు వస్తూనే ఉంటాయి. మంగళగిరి మీదుగా వెళ్లే రైళ్లూ ఉన్నాయి గానీ, ఆకు చేతిలో ఉన్నప్పుడు కిక్కిరిసిన బోగీ ఎక్కొద్దు. బస్సులో ముందు సీటు దొరికితే చాలు.

గుంటూరే ఎందుకంటే, ఈ దేశంలో పొగాకు లెక్కలన్నీ ఈ ఊరి చుట్టూనే తిరుగుతాయి. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం జి.టి. రోడ్డు మీద శ్రీనివాసరావు తోటలో ఉంది. అయితే ఇక్కడ చాలామంది పొరబడతారు. సిగరెట్లకి వాడే వర్జీనియా ఆకుని మనలాంటివాళ్లు కిలో, అరకిలో కొనుక్కోలేం. అది బోర్డు వేలం కేంద్రాల్లో, నమోదైన వ్యాపారులకే అమ్ముతారు. కొనగలిగినా సిగార్‌కి పనికొచ్చే ఆకు కాదది. బ్యారన్‌లో పెట్టి వేడి గాలితో ఆరబెట్టేసరికి పసుపురంగు అలాగే నిలిచిపోతుంది, చక్కెర ఉండిపోతుంది. సిగరెట్‌కి అదే గుణం. సిగార్ ఆకు నీడలో గాలికి నెమ్మదిగా ఆరాలి, ఆ తర్వాత కుప్పలో పెట్టి మగ్గించాలి. కుప్ప లోపల వేడెక్కి ఘాటు వాసన పోతేనే రుచి బయటికొస్తుంది.

మనకి అందేవి నాటు పొగాకు, బర్లీ అనే రకం. వినుకొండ వైపు నుంచీ, ప్రకాశం నుంచీ వచ్చే బర్లీ, ఊరి చుట్టుపక్కల నాటు రకాలు, గోదావరి లంకల ఆకు పాత వ్యాపారుల దగ్గర దొరుకుతాయి. పట్నం బజారు దగ్గర సందుల్లో అడుగుతూ వెళ్లాం. మొదటి కొట్టాయన ‘ఎన్ని బేళ్లండీ?’ అన్నాడు. కిలో అనగానే మాట తగ్గిపోయింది. రెండో కొట్టులో కూర్చోబెట్టి టీ తెప్పించారు గానీ, తీసి చూపిన ఆకంతా నలిగి, చిల్లులు పడి ఉంది. లోపల కూరడానికి బాగుంటుంది, పైన చుట్టడానికి పనికిరాదు. మూడో కొట్టులో పెద్దాయన ఒక్కమాట అడిగాడు: “లోపల ఏం పెడుతున్నారు బాబూ?” కొన్నది ఆయన దగ్గరే.

ఆ ప్రశ్నే అసలు ప్రశ్న. చాలామంది పై ఆకుని రంగు చూసి ఎంచుతారు. నల్లగా ఉంటే ఘాటనీ, లేతగా ఉంటే తేలికనీ అనుకుంటారు. నలుపు చాలావరకు ఎక్కువకాలం, ఎక్కువ వేడిలో మగ్గించడం వల్ల వస్తుంది. మెక్సికోలో సాన్ ఆంద్రేస్ లోయ ఆకు, అమెరికాలో కనెక్టికట్ బ్రాడ్‌లీఫ్ అలా నల్లబడినవే, రుచిలో మాత్రం తీపి తగులుతుంది. ఘాటు నిర్ణయించేది మొక్కలో ఆకు ఏ ఎత్తున కాసిందన్నది. పైనున్న ఆకు మందం, ఘాటు, నెమ్మదిగా కాలుతుంది. కిందిది పలచన, చప్పన, త్వరగా అంటుకుంటుంది. పై ఆకుగా వాడేది పలచగా, సన్నటి ఈనెలతో, చిల్లుల్లేకుండా, సాగే గుణంతో ఉండాలి. అందుకే కనెక్టికట్‌లో పలచటి గుడ్డ పందిళ్ల కింద పెంచుతారు. ఈక్వడార్‌లో పందిరి అక్కర్లేదు, మబ్బు పట్టి ఉండే ఆకాశమే నీడ ఇస్తుంది. గుంటూరు ఎండలో బయట కాసిన ఆకు మందంగా, జిగటగా వస్తుంది. ఇది ఆకు తప్పు కాదు, ఎండ గుణం.

మన దేశంలో సిగార్ పై ఆకుకి పేరున్న చోటు పశ్చిమ బెంగాల్లో కూచ్ బెహార్ జిల్లా దిన్‌హాటా. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థగా మొదలై ఈమధ్య పేరు మారిన సంస్థ, ఈ ఆకు కోసం, హుక్కా పొగాకు కోసం అక్కడ ఒక కేంద్రం పెట్టింది. గుంటూరు కొట్లలో ఆ ఆకు నాకు కనపడలేదు. పోల్చి చూడటానికి మా అన్నయ్య కొడుకు అమెరికా నుంచి కస్టమ్స్ వాళ్ల 125 గ్రాముల పరిమితికి లోబడి తెచ్చిన కనెక్టికట్ షేడ్ (పందిరి నీడలో పెంచిన) ఆకులు, కొన్ని ఈక్వడార్ సుమత్రా (ఈక్వడార్‌లో పండించిన సుమత్రా రకం) ఆకులు నా డబ్బాలో ఉన్నాయి.

పెద్దాయన కొట్లో మూడు పరీక్షలు చేశాం. మొదటిది వేళ్లతో. పదునెక్కిన, అంటే తేమ పట్టి మెత్తబడిన ఆకుని చూపుడువేలికి చుట్టి మెల్లగా లాగితే చిరక్కుండా సాగాలి, వదిలితే కొంచెం వెనక్కి రావాలి. బర్లీలో నాలుగింట ఒకటి నిలిచింది. లంక ఆకు బాగా సాగింది గానీ, పక్క ఈనెలు తాడులా లేచి ఉన్నాయి. రెండోది వెలుతురుకి ఎత్తిపట్టి చూడటం, సూదిమొనంత చిల్లులు అప్పుడే కనపడతాయి. మూడోది అగ్గిపుల్ల. ఆకు అంచుకి నిప్పు అంటించి మంట ఆర్పితే, నిప్పు నెమ్మదిగా పాకుతూ తెల్లటి బూడిద వదలాలి. ఉప్పునీటి బావి కింద కాసిన ఆకు ఇక్కడే దొరికిపోతుంది. క్లోరైడ్ ఎక్కువైతే ఆకు కాలదు, నల్లగా మాడి ఆరిపోతుంది. పొటాష్ బాగా అందిన ఆకు చక్కగా కాలుతుంది. ఒక కట్ట అంచు మాడగానే పెద్దాయన అడక్కుండానే దాన్ని పక్కన పడేశాడు. ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది.

చుట్టే మనిషిని కూడా ఆయనే చూపించాడు. అదే పేటలో అరుగు మీద కూర్చుని చుట్టలు చుట్టే తాత. సిగార్ అనగానే ‘పెద్ద చుట్టేగా’ అని పీట జరిపాడు. ఆకుని పీట మీద పరిచి, మధ్య ఈనెని కొస నుంచి పట్టుకుని ఒక్క లాగులో తీశాడు. ఆకు రెండు సగాలైంది. ఎడమ సగాలు ఒక పక్క, కుడి సగాలు ఇంకో పక్క పెట్టాడు. ఎందుకని అడిగాను.

“ఎడమది ఒక వాటంగా చుట్టాలి, కుడిది రెండో వాటంగా. కలిపేస్తే ఈనెలు అడ్డంగా పడతయ్యి. రంగు చూడమాక అబ్బాయీ, ఈనె చూడు.”

ఈనెలున్న వైపు కిందికి, అంటే లోపలికి పోయేలా పరిచి, కత్తితో అంచు గీసి పొడవాటి పీలిక తీశాడు. అడుగు చివర నుంచి ఏటవాలుగా, ప్రతి చుట్టూ ముందు చుట్టుని మూడోవంతు కప్పేలా, ఎడమచేత్తో సాగదీస్తూ కుడిచేత్తో దొర్లించాడు. తల దగ్గర గోరుచిక్కుడు గింజల జిగురు ఒక్క బొట్టు. నేను తీసుకెళ్లిందే అది. తన మైదా జిగురు పక్కన పెట్టి దాన్ని వాడటానికి ఆయన ఏమీ అనుకోలేదు. తడి ఆకు ఆరేకొద్దీ బిగుస్తుంది, అందుకే లోపలి ఆకు పై ఆకు కంటే పొడిగా ఉండాలి. లోపలిది తడిగా ఉంటే, నిప్పు తగిలి ఉబ్బినప్పుడు పై ఆకు పగులుతుంది. ఈ విషయం పుస్తకాల్లో చదివాను గానీ, తాత లోపలి ఆకుని చెవి దగ్గర పెట్టి నలిపి చప్పుడు విని, ఎండలో కాసేపు పెట్టమన్నప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

ఒకే లోపలి కూర్పు మీద వేర్వేరు పై ఆకులు చుట్టించాం. లోపల లంక ఆకు కొంచెం, నాటు కొంచెం, తేలికైన బర్లీ ఎక్కువ. పైన లంక ఆకు వేసింది ఘాటుకి ఘాటు తోడై మొద్దుగా ఉంది. అదీగాక మందపు పై ఆకు నెమ్మదిగా కాలి, లోపల సొరంగం పడింది. కనెక్టికట్ షేడ్ వేస్తే నున్నగా, చూడముచ్చటగా వచ్చింది, అయితే లోపలి నాటు ఆకు ముందు దాని రుచి ఏమీ మిగల్లేదు. ఈక్వడార్ సుమత్రా మంచి జోడీ, కారం మిరియంలా తగిలి ఆగింది, బూడిద గట్టిగా నిలబడింది. మన బర్లీలోంచి ఏరిన పలచటి ఆకు వేసింది రెండో స్థానంలో నిలిచింది, అదీ లోపల లంక ఆకు సగం తగ్గించాక. రుచిలో తీపి తక్కువైనా కాలడంలో లోపం లేదు. విదేశీ ఆకు తెప్పించుకునే వీలు లేనివాళ్లకి నేను నిస్సంకోచంగా దీన్నే చెబుతాను.

లావు కూడా చూసుకోవాలి. గేజ్ అంటే అంగుళంలో అరవై నాలుగో వంతులు. 42 గేజ్ సన్నటి సిగార్‌లో పై ఆకు వాటా ఎక్కువ, 54 గేజ్ లావుదాంట్లో తక్కువ. ఖరీదైన పై ఆకు కొన్నవాళ్లు సన్నంగా చుట్టించుకుంటేనే దాని రుచి దక్కుతుంది. తాత చేతికి సన్నవే బాగా కుదిరాయి, లావువి తల దగ్గర మెత్తబడ్డాయి.

ఆరోగ్యం మాట కూడా చెప్పాలి. పొగ లోపలికి పీల్చకపోయినా నోటికీ గొంతుకీ హాని తప్పదు. ఉత్తరాంధ్రలో అడ్డచుట్ట (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని) కాల్చే ఆడవాళ్లకి అంగిట్లో వచ్చే పుండ్లు, కేన్సర్లు వైద్యులు ఏళ్లుగా రాస్తున్నదే. దీన్ని ఎప్పుడో ఒకసారి చేసే పనిగానే ఉంచుకోవాలి, అలవాటు చేసుకోకూడదు.

భోజనానికి గుంటూరులో వెతుక్కోనక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త: రుచి చూసే రోజు గోంగూర పచ్చడి, పచ్చిమిర్చి పప్పు పక్కన పెట్టి పెరుగన్నం తినండి, లేదంటే ఏ ఆకు ఏమిటో నాలుకకి తెలియదు. బ్రాడీపేటలో మెస్‌లు ఇందుకు సరిపోతాయి.

తాత ముందుగా చెప్పనిదే పని తీసుకోడు. కొట్టు పెద్దాయన ద్వారా కబురు పంపితే, ఆకు మనం తెచ్చుకుంటే, పొద్దున ఎండెక్కకముందే కూర్చుంటాడు. ఎండెక్కితే పదును పోతుందని లేచిపోతాడు. కూలి విషయంలో బేరమాడలేదు, ఆడొద్దు కూడా. తిరుగు ప్రయాణంలో చుట్టినవాటిని గట్టి అట్టపెట్టెలో వరసగా పేర్చి, మిగిలిన ఆకుని మడవకుండా పీవీసీ గొట్టంలో చుట్టగా పెట్టి రెండు చివరలా మూతలు వేసుకున్నాం. సికింద్రాబాద్ వందే భారత్ గుంటూరులో ఆగుతుంది, పెట్టెలన్నీ ఏసీవే. గొట్టం మూత తీయకుండా ఇంటిదాకా తెచ్చాం, ఒక్క ఆకు కూడా చిట్లలేదు.