గొంతుకు అడ్డం పడితే: పసివాళ్లకి ఒకలా, పెద్దవాళ్లకి ఇంకోలా

పర్లాకిమిడిలో మా పిన్ని ఇంట్లో పది నెలల బాబు గొంతులో పల్లీ పలుకు ఇరుక్కుంది. ఏడుపు ఆగిపోయింది, పెదాలు నల్లబడ్డాయి. అమ్మమ్మ నోట్లో వేలు పెట్టబోతే పిన్ని ఆపింది. కనబడని దానికోసం వేలు తిప్పితే అది ఇంకా లోపలికి పోతుంది. పక్కింటి ఒడియా మావుసి 108కి ఫోన్ కలిపింది.

ఏడాదిలోపు పిల్లల్ని తల కిందికి వాలేలా ముంజేతి మీద బోర్లా వేసి, వీపు మీద భుజం రెక్కల నడుమ 5 దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య 5 నొక్కులు. మళ్లీ అదే వరస. పొట్ట నొక్కకూడదు, కాలేయం దెబ్బతింటుంది. మా బాబుకి మూడో దెబ్బకే పలుకు చాప మీద పడింది.

ఏడాది దాటినవాళ్లకీ, పెద్దలకీ మొదట వీపు దెబ్బలే. తేడా ఆ తర్వాత: వెనక నిలబడి, బొడ్డుకి కాస్త పైన పిడికిలి ఆనించి, లోపలికీ పైకీ 5 సార్లు గుంజాలి. నిండు గర్భిణికైతే ఛాతీ మీదే. గట్టిగా దగ్గుతుంటే మాత్రం ఏమీ చేయకండి, దగ్గనివ్వండి.

స్పృహ తప్పితే ఎవరికైనా సీపీఆరే, అంటే ఛాతీ నొక్కుతూ మధ్యలో నోటితో శ్వాస ఇవ్వడం: నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 30కి 2 శ్వాసలు. లోతు పెద్దలకి కనీసం 5 సెంటీమీటర్లు, పసివాళ్లకి సుమారు 4. నాకు టెన్షన్ పెట్టేది ఆ 4 సెంటీమీటర్లే. అంత చిన్న ఛాతీ మీద చెయ్యి దానంతట అదే తేలిపోతుంది.