డిమెన్షియా పాఠాలు తయారుచేయడం నేర్పే కర్నూలు శిక్షణ: ఎవరికి పనికొస్తుంది?

ఇంట్లో డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన రానురాను తగ్గిపోయే జబ్బు) ఉన్న పెద్దవాళ్లను చూసుకునేవాళ్ల కోసం ఆన్‌లైన్ పాఠాలు ఎలా చేయాలో నేర్పే నాలుగు రోజుల శిక్షణ కర్నూలులో నడుస్తోంది. నర్సింగ్ ట్యూటర్లు, ఆరోగ్య శాఖ శిక్షకులు, వృద్ధుల సేవలో ఉన్న సంస్థల వాళ్లు చేరొచ్చు. ఫీజు 4,500 రూపాయలు, మధ్యాహ్నం భోజనం అందులోనే. ల్యాప్‌టాప్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. మా మాట ముందే చెప్పేస్తాం: రెండో రోజు ఒక్కదానికే ఫీజు గిట్టుబాటవుతుంది. మూడో రోజు సగం వృథా. నాలుగో రోజు జరగాల్సిన అసలు పని జరగదు.

ఇలాంటి శిక్షణ అవసరమా అంటే అవసరమే. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అంచనా ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. ఆలూరు, పత్తికొండ పక్క పల్లెలో ఉన్న కోడలు నేర్చుకోవడానికి కర్నూలు దాకా రాలేదు. పాఠమే ఆమె ఫోనులోకి పోవాలి.

మొదటి రోజు ఇప్పటికే ఉన్న పాఠాలను విప్పి చూపిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఐసపోర్ట్ అనే ఆన్‌లైన్ శిక్షణలో 5 భాగాలు, 23 పాఠాలు ఉన్నాయి: జబ్బు పరిచయం, చూసుకునే మనిషి పాత్ర, ఆ మనిషి తన ఆరోగ్యం కాపాడుకోవడం, రోజువారీ సేవ, ప్రవర్తనలో మార్పులు. ఆస్ట్రేలియాలోని టాస్మానియా విశ్వవిద్యాలయం 2013 నుంచి నడుపుతున్న ఉచిత డిమెన్షియా కోర్సును కూడా చూపిస్తారు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం మంచి పద్ధతి. ఒకటి ఇంట్లోవాళ్ల కోసం, ఇంకొకటి ఎక్కువగా తెలుసుకోవాలనే ఆసక్తి ఉన్న ఎవరికైనా. ఎవరికి చెబుతున్నామో తేల్చుకోకుండా మొదలుపెడితే పాఠం రెంటికీ చెడుతుందని ఇక్కడే అర్థమవుతుంది. మిగతా రోజంతా పాఠ్య ప్రణాళిక సిద్ధాంతాలు. బీఎడ్ చేసినవాళ్లకు కొత్తేమీ ఉండదు.

రెండో రోజు స్క్రిప్టు. చేరేవాళ్లలో చాలామంది అరవై స్లైడ్ల పీపీటీ పట్టుకొస్తారు. దానికి గొంతు కలిపితే ఆన్‌లైన్ పాఠం అయిపోతుందనుకుంటారు. ఆ పీపీటీని ఇక్కడ తెరవనివ్వరు. నిర్వచనంతో, మెదడు బొమ్మతో మొదలుపెట్టడానికి లేదు. ఒక ఇల్లు, ఒక సమయం, చూసుకునే మనిషి తీసుకోవాల్సిన ఒక్క నిర్ణయం, అంతే. పాఠం ఐదు నిమిషాలు దాటకూడదు. నిమిషానికి 90 పదాల లెక్కన స్క్రిప్టు 450 పదాల్లో ముగియాలి. తెలుగు పదాలు పొడవు కాబట్టి ఇంగ్లీషులో వాడే 130, 140 లెక్క మనకు పనికిరాదని వాళ్లు చెప్పేది నిజమే.

వాళ్లిచ్చే నమూనా సన్నివేశం బాగుంది. సాయంత్రం ఆరున్నర. తల్లి చీర కొంగు సర్దుకుని వాకిలి దగ్గరికొచ్చి, "నేను మా ఇంటికి పోవాల. మా నాయన ఎదురుచూస్తాంటాడు" అంటుంది. కూతురు ఏమనాలి? చూసేవాళ్లు ఒకటి నొక్కి ఎంచుకునేలా మూడు జవాబులు రాయమంటారు. "మీ నాయన పోయి నలభై ఏండ్లాయె కదమ్మా" అన్నది మొదటిది. ఆ తల్లికి అది పాత సంగతి కాదు, ఇప్పుడే విన్న చావు కబురు. ఎన్నిసార్లు చెబితే అన్నిసార్లు ఏడుస్తుంది. "రేపు పొద్దున్నే పోదాంలేమ్మా" అన్నది రెండోది. పది నిమిషాలు నిలుస్తుంది, మళ్లీ వాకిలి దగ్గరికే వస్తుంది. "మీ నాయనంటే నీకు శానా ఇష్టం కదమ్మా, సంతకు పోతే నీకేం తెచ్చేటోడు?" అన్నది మూడోది. మాట అటు మళ్లుతుంది. ఈలోగా కూతురు లైటు వేయాలి, బాత్రూముకు తీసుకుపోవాలి, ఆకలిగా ఉందేమో చూడాలి. పొద్దు గూకే వేళ చీకటి, అలసట, ఆకలి, మూత్రం ఆపుకోవడం అన్నీ ఒకేసారి మీద పడతాయి గనక గాబరా ఎక్కువవుతుంది. ఈ కారణాన్ని మూడో జవాబు వెనకాలే పెట్టాలని, ముందే చెప్పేస్తే చూసేవాళ్లు ఆలోచించరని శిక్షకులు పట్టుబడతారు. మాకు నచ్చిన పట్టుదల ఇది.

తప్పు జవాబులు రాసే పద్ధతి ఇంకా బాగుంది. తప్పు జవాబంటే ఇళ్లలో మంచి మనసుతోనే జరిగే పొరపాటు అయ్యుండాలి. "తల్లిని కొట్టాలి" అని పెడితే ఎవరూ నొక్కరు, ఏమీ నేర్చుకోరు. సరైన జవాబే అన్నిటికన్నా పొడవుగా ఉంటే పాఠం చదవకపోయినా దాన్నే నొక్కుతారు కాబట్టి మూడు జవాబులూ ఇంచుమించు ఒకే పొడవుండాలి. "పైవన్నీ" అనే జవాబు పెట్టడానికి ఒప్పుకోరు.

మూడో రోజు సాంకేతికం. ఈ పాఠాల కోసం ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడిల్‌ను, దాంట్లో నొక్కి ఆడే పాఠాలు తయారుచేసే హెచ్‌ఫైవ్‌పీని ఎంచుకున్నారు. రెండూ ఉచితమే. జవాబును బట్టి కథ మారే పాఠానికి హెచ్‌ఫైవ్‌పీలోని బ్రాంచింగ్ సినారియో సరిగ్గా సరిపోతుంది. కానీ పొద్దున రెండు గంటలు సర్వర్ బొమ్మలు గీస్తూ గడిపేస్తారు. ఆ టైములో చెప్పాల్సినవి వేరే ఉన్నాయి.

అందులో మొదటిది ఫాంట్లు. మన కాలేజీల్లో తెలుగు నోట్సు చాలావరకు డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో టైపు చేసిందే. దాన్ని కాపీ చేసి మూడిల్‌లో పెడితే ఫోనులో పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఏ ఫోనైనా చదవగల యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక కూడా వత్తులు ఒక్కొక్కటే చూసుకోవాలి. కొన్ని వీడియో ఎడిటర్లలో యూనికోడ్ తెలుగు టైపు చేసినా ఒత్తక్షరాలు విడిపోతాయి. అప్పుడు అక్షరాలను బొమ్మగా చేసి పెట్టడమే దారి. సబ్‌టైటిళ్ల ఎస్‌ఆర్‌టీ ఫైలును యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను దాచే పద్ధతి) సేవ్ చేయకపోతే తెలుగు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు వరసకడతాయి. ఇన్ని చిక్కులుంటే దీనికి ఇచ్చింది పావుగంట.

రెండోది ఫైలు బరువు. ఐదు నిమిషాల వీడియోను సెకనుకు 1 మెగాబిట్ లెక్కన తీస్తే 37 ఎంబీ దాటుతుంది, సగానికి తగ్గిస్తే 19 ఎంబీ లోపే. ముఖం, చేతులు కనిపిస్తే చాలనుకునే ఇలాంటి పాఠానికి 480పీ వీడియో నాణ్యత సరిపోతుంది. చౌకగా అద్దెకు తీసుకునే సర్వర్‌లో, మూడిల్ నడవడానికి వాడే పీహెచ్‌పీలోని అప్‌లోడ్ పరిమితి మార్చకపోతే ఫైలు 2 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. దాంతోపాటు పోస్ట్ పరిమితి (ఒకసారి పంపగల మొత్తం బరువు) కూడా పెంచాలి, అది మార్చకపోతే 8 ఎంబీ ఉంటుంది. ఒకటి పెంచి రెండోది మరిచిపోతే ఫైలు ఎక్కదు, ఎందుకు ఎక్కలేదో తెలియదు. సిగ్నల్ సరిగా లేని ఊళ్ల కోసం పాఠాన్ని మూడిల్ యాప్‌లో ముందే దించుకోవచ్చని చెబుతారు, మంచిదే. అయితే పాఠంలో యూట్యూబ్ వీడియో అతికిస్తే అది నెట్ లేకుండా నడవదు. నమూనా పాఠంలోనే యూట్యూబ్ లింకు ఉండటం విడ్డూరం.

ధ్వని గురించి చెప్పింది మాత్రం దిట్టంగా ఉంది. కాలరు మైకు గడ్డానికి జానెడు కింద, ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, గదిలో పరుపో దుప్పట్లో ఉంచి రికార్డు చేయిస్తారు. కర్నూలు ఎండలో ఫ్యాను ఆపడమంటే శిక్షే, కాబట్టి తెల్లవారుజామున రికార్డు చేసుకోమని సలహా. బొమ్మ మసకగా ఉన్నా ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే మూసేస్తారు.

నాలుగో రోజు మూల్యాంకనం. పాఠానికి ముందూ తర్వాతా జ్ఞానం కొలవడానికి డిమెన్షియా మీద 25 అంశాల డీకేఏఎస్‌ను, అల్జీమర్స్ మీద 30 ఒప్పు-తప్పు ప్రశ్నల ఏడీకేఎస్‌ను పరిచయం చేస్తారు. ఇంతటితో ఆపేస్తారు. మార్కులు పెరిగినంత మాత్రాన ఇంట్లో కూతురి జవాబు మారినట్టు కాదు. తయారైన పాఠాన్ని నిజంగా చూసుకునే ముగ్గురు నలుగురికి చూపించి, ఎక్కడ ఆగారో, ఏది తప్పుగా అర్థం చేసుకున్నారో పక్కన కూర్చుని గమనించే పని ఈ శిక్షణలో ఎక్కడా లేదు. తోటి ట్యూటర్లే చూసి చప్పట్లు కొడతారు.

విషయంలో కూడా రెండు పెద్ద ఖాళీలు ఉన్నాయి. ఒకటి, ప్రతి మతిమరుపూ డిమెన్షియా కాదని చెప్పే పాఠం నమూనాల్లో లేదు. బీ12 లోపం, థైరాయిడ్, దిగులు జబ్బు కూడా అలాగే కనిపించగలవు. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో మనిషి తికమకపడితే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒళ్లు ఎండిపోవడం లాంటివి వెతకాలి, అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఇది లేకపోతే "ముసలితనమే" అని ఇంట్లోనే ఉంచేస్తారు. రెండోది మందులు. రాత్రి నిద్రపోవడం లేదని మెడికల్ షాపులో అడిగి మాత్ర తెచ్చి వేయడం ఇక్కడి ఇళ్లలో మామూలు. అది తీవ్రమైన మానసిక జబ్బులకు ఇచ్చే యాంటీసైకోటిక్ కూడా కావచ్చు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ మందులు చావు ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే కొత్త తరం మందుల సమాచార పత్రంలో, 2008లో పాతవాటిలోనూ గడి కట్టిన హెచ్చరిక పెట్టించింది. ప్రవర్తన గురించి చేసే ప్రతి పాఠంలోనూ ఒక వాక్యమైనా దీని గురించి ఉండాలి.

భాష సంగతి ఇంకొకటి. కర్నూలు పాతబస్తీలో చాలా ఇళ్లలో ఉర్దూ, ఆదోని వైపు కొన్ని ఇళ్లలో కన్నడ. జబ్బు ముదిరేకొద్దీ కొందరు తర్వాత నేర్చుకున్న భాషను వదిలేసి చిన్ననాటి భాషలోకి వెళ్తారు. తెలుగు పాఠాలు నేర్పే చోటే అయినా, చూసుకునే మనిషి ఏ భాషలో పలకరించాలో చెప్పే నాలుగు మాటలకు చోటుండాల్సింది.

రోగి వీడియోల విషయంలో వాళ్ల నియమం కచ్చితం: అసలు రోగిని తీయొద్దు, వేషం వేయించండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 గుర్తుచేస్తారు. తన ఒప్పుదల తాను చెప్పలేని మనిషిని ఫోనుల్లో తిప్పడం తప్పే, చట్టం లేకపోయినా. ప్రతి పాఠం చివర 14567 ఎల్డర్ లైను (వృద్ధులకు సాయం), 14416 టెలీ-మానస్ (మానసిక ఆరోగ్య సాయం) నంబర్లు పెట్టించడం కూడా బాగుంది. సేవచేసి అలసిన మనిషికి రెండో నంబరు ఎక్కువ పనికొస్తుంది.

డిమెన్షియా సేవ గురించి ఏమీ తెలియనివాళ్లు ఇందులో చేరొద్దు, ఇక్కడ జబ్బు నేర్పరు. సేవ తెలిసి, పాఠం ఎలా కట్టాలో తెలియనివాళ్లకు మేలు. చేరేముందు కొన్ని అడగండి: పాఠాన్ని వైద్యుడు ఎవరు సరిచూస్తారు, శిక్షణ అయ్యాక ఎన్నాళ్లు సాయం చేస్తారు, పాఠం ఎవరి సర్వర్‌లో ఉంటుంది. ఇప్పుడు అన్నీ నిర్వాహకుల సర్వర్‌లోనే ఉంటున్నాయి. నాలుగో రోజు సర్టిఫికెట్ తీసుకునేలోపే మీ కోర్సు బ్యాకప్‌ను ఎంబీజెడ్ ఫైలుగా పెన్‌డ్రైవ్‌లోకి దించుకోండి. హెచ్‌ఫైవ్‌పీ పాఠాలను విడివిడిగా కూడా దాచుకోండి.