ఉచ్ఛ్వాసానికి పెద్దపీట, నిశ్వాసానికి గుమ్మం: శ్వాసలయ మీద ఒక ఆన్‌లైన్ కోర్సు సమీక్ష

జంతువులలో ఊపిరి లయను నాడీవ్యవస్థ ఎలా నడిపిస్తుందన్న ఒకే ఒక్క విషయం మీద 12 ఉపన్యాసాలు, వాటికి తోడుగా బ్రౌజర్‌లోనే నడిచే ఒక సిమ్యులేటర్, ప్రతి ఉపన్యాసం చివర కొన్ని అభ్యాసాలు: ఈ కోర్సులో ఉన్నవి ఇవే. డిగ్రీ విద్యార్థులకు జంతు శరీరధర్మశాస్త్రం బోధించే నేను, శ్వాసక్రియ అధ్యాయం వచ్చినప్పుడల్లా ‘మజ్జాముఖంలో (మెదడు వెన్నుపాముతో కలిసే చోటి భాగంలో) శ్వాసకేంద్రం ఉంటుంది’ అన్న ఒక్క వాక్యంతో ఒడ్డెక్కేస్తూ వచ్చాను. ఆ వాక్యం వెనుక ఏముందో తీరికగా తెలుసుకుందామని చేరి, రెండు నెలల్లో పూర్తిచేశాను. చేరినందుకు విచారం లేదు. అయితే ఉచ్ఛ్వాసానికి పెద్దపీట వేసి నిశ్వాసాన్ని గుమ్మం దగ్గరే నిలబెట్టిన తీరు మాత్రం చివరి ఉపన్యాసం దాకా నన్ను ఇబ్బంది పెడుతూనే ఉంది.

మొదటి రెండు ఉపన్యాసాలు చరిత్రకు కేటాయించారు. వెన్నుపామును మెడలో బాగా పైకి కోస్తే జంతువు ఊపిరి ఆగిపోతుందనీ, కిందికి కోస్తే ఆగదనీ ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ గమనించిన నాటి నుంచి, 1812లో లెగల్లోవా ఆ చోటును మజ్జాముఖంలో, ఊపిరితిత్తులకూ మెదడుకూ మధ్య కబుర్లు మోసే వేగస్ నాడి బయలుదేరే ప్రాంతం దాకా కుదించడం మీదుగా, 1923లో లమ్స్‌డెన్ పిల్లుల మెదడు కాండాన్ని వేర్వేరు ఎత్తులలో కోసి చూసిన ప్రయోగాల వరకు కథ చకచకా సాగిపోతుంది. మజ్జాముఖానికి పైనుండే పాన్స్ అనే భాగంలో పైసగాన్ని విడదీసి, వేగస్ నాడులను కూడా తెంచితే, జంతువు గాలి పీల్చి ఆ స్థితిలోనే చాలాసేపు బిగుసుకుపోతుంది. పాన్స్ మొత్తాన్ని విడదీస్తే ఎగశ్వాస మాత్రమే మిగులుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన గీసి చూపిన పటం తరగతిలో వాడుకోవడానికి ఎంతో అనువుగా ఉంది.

ఊపిరితిత్తులు నిండగానే ‘ఇక చాలు’ అన్న కబురు వేగస్ ద్వారా మెదడుకు చేరి ఉచ్ఛ్వాసాన్ని ఆపుతుందని 1868లో హెరింగ్, బ్రాయర్ చూపిన విషయాన్ని కూడా చక్కగా వివరించారు. ఈ బ్రాయరే తరువాతి కాలంలో ఫ్రాయిడ్‌తో కలిసి హిస్టీరియా మీద పనిచేశాడన్న సంగతి చాలామంది విద్యార్థులకు తెలియదు. అది చెప్పి ఉంటే తరగతి ఒక్కసారి తల ఎత్తి చూసేది. లయ అంటే ఇలాంటి ప్రతిచర్యల గొలుసేనా, లేక మెదడు కాండం తనంతట తానే దాన్ని పుట్టించగలదా అన్న ప్రశ్నకు, 1931లో ఏడ్రియన్, బైటెండైక్ గోల్డ్‌ఫిష్ మెదడు కాండాన్ని శరీరం నుంచి వేరుచేసి, అందులో మొప్పల కదలికల వేగాన్ని పోలిన నెమ్మదైన విద్యుత్ అలలను నమోదు చేయడంతో ఒక దారి ఏర్పడింది. రెండవ ఉపన్యాసం సరిగ్గా అక్కడ ఆగుతుంది. అది మంచి ఎత్తుగడ.

మూడవ ఉపన్యాసం ఈ కోర్సుకు ప్రాణం. అప్పుడే పుట్టిన ఎలుక పిల్ల మెదడు కాండం నుంచి అర మిల్లీమీటరు అటూ ఇటూ మందం ఉన్న ముక్కను కోసి, ఆక్సిజన్ పట్టించిన లవణద్రావణంలో ఉంచి, నాలుకను కదిలించే పన్నెండవ కపాల నాడి మొదలుకు చిన్న గాజు ఎలక్ట్రోడ్ తగిలిస్తారు. ఊపిరితిత్తులు లేవు, వాటి కింద ఉండి గాలి పీల్పించే ఉదరవితానం అనే కండరం లేదు, రక్తం లేదు, అసలు జంతువే లేదు. అయినా యాంప్లిఫయర్ స్పీకరులో కొన్ని సెకన్లకొకసారి ‘బుస్స్’ మన్న చప్పుడు వస్తుంది, ఆగుతుంది, మళ్లీ వస్తుంది. దాదాపు రెండు నిమిషాల పాటు బోధకుడు ఏమీ మాట్లాడకుండా మనల్ని ఆ చప్పుడు విననిస్తాడు. పాఠం చెప్పడంలో మౌనాన్ని ఇంత బాగా వాడుకున్నవారిని నేను అరుదుగా చూశాను. 1991లో స్మిత్, ఫెల్డ్‌మన్, వారి సహచరులు ఇలాంటి ముక్కలతోనే ప్రీ-బోట్జింగర్ కాంప్లెక్స్ అనే చిన్న నాడీకణ సమూహాన్ని గుర్తించి, ఉచ్ఛ్వాస లయకు అదే మూలమని ప్రతిపాదించారు. దాని పక్కనున్న ప్రాంతానికి బోట్జింగర్ అన్న పేరు శాస్త్రవేత్త పేరును బట్టి రాలేదు. జర్మనీలో జరిగిన ఒక సమావేశంలో బల్ల మీదున్న ద్రాక్షసారా సీసా చీటీ మీది పేరునే దానికి పెట్టేశారు.

ఇక్కడే ఒక లోపం చెప్పాలి. ఇలాంటి ముక్కలో లయ నిలకడగా సాగడానికి ద్రావణంలోని పొటాషియంను సాధారణంగా ఉండే 3 మిల్లీమోలార్ల స్థాయి నుంచి 8 లేదా 9 దాకా పెంచడం పరిపాటి. అంటే నాడీకణాలను కాస్త రెచ్చగొట్టి ఉంచుతారన్న మాట. ఈ సంగతిని ‘ద్రావణాన్ని తగిన విధంగా సర్దుబాటు చేశారు’ అన్న ఒక్క ముక్కతో దాటవేశారు. విన్న విద్యార్థి, ఒంట్లో ఉన్నప్పటి పరిస్థితులలోనే ఆ ముక్క కొట్టుకుంటోందని అనుకుంటాడు. ముక్కలో పుట్టే లయకూ, బతికున్న జంతువు ఊపిరికీ ఎంత సంబంధం ఉందన్న ప్రశ్న ఈ రంగంలో ఎప్పుడూ ఉన్నదే. దానికి బీజం ఈ చిన్న వివరంలోనే ఉంది. ఆ లోటును కొంతవరకు నాలుగవ ఉపన్యాసం పూరిస్తుంది. 2001లో పెద్ద ఎలుకలలో ఆ ప్రాంతంలోని ఒక రకం కణాలను ఎంచి నాశనం చేసినప్పుడు, వాటి శ్వాస అస్తవ్యస్తంగా మారిందన్న ప్రయోగాన్ని అందులో వివరించారు.

సిమ్యులేటర్ గురించి కొంత విస్తరంగా చెప్పాలి, ఎందుకంటే నేను ఎక్కువ సమయం గడిపింది దానితోనే. 1999లో బుటెరా, రింజెల్, స్మిత్ ప్రచురించిన గణిత నమూనా ఆధారంగా తయారైన ఈ సాధనంలో 50 నాడీకణాలు తెర మీద చుక్కలుగా కనిపిస్తాయి. వాటి మధ్య అనుసంధాన బలాన్ని సున్నాకు దించితే, కొన్ని చుక్కలు నోరు మెదపవు, కొన్ని ఆగకుండా టకటకలాడుతుంటాయి, మరికొన్ని తమకు తోచిన వేగంతో గుంపులుగా మెరిసి ఆరిపోతుంటాయి. అనుసంధానాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోతే, ముందు రెండు మూడు కలుస్తాయి, తరువాత పది, ఆపై ఒక్కసారిగా తెరంతా ఒకేసారి వెలిగి ఒకేసారి చీకటవుతుంది. ఒంటరిగా ఏ లయా లేని కణం కూడా గుంపులో పడేసరికి తాళం వేయడం మొదలుపెడుతుంది. ఎన్ని పేజీలు చదివినా అర్థం కాని విషయం ఆ ఒక్క మీటను కదిపితే బుర్రకెక్కుతుంది.

అయితే నమూనా చూపేదాన్నే నిజమని నమ్మించే ప్రమాదం ఇందులో ఉంది. సోడియం అయాన్లు మెల్లగా లోపలికి జారుతూనే ఉండే ఒక రకం విద్యుత్ ప్రవాహం ఈ కణాల మెరుపుకు ఇంధనమని నమూనా చెబుతుంది. ఆ మీటను సున్నా చేస్తే తెర మీద లయ చటుక్కున ఆగిపోతుంది. కానీ నిజమైన ముక్కలలో ఆ ప్రవాహాన్ని మందుతో అణిచినా లయ కొనసాగిన ప్రయోగాలు ఉన్నాయి. లయను పుట్టించేది కొన్ని ప్రత్యేక కణాల స్వభావమా, లేక కణాలు ఒకదాన్నొకటి ఎగదోసుకునే అల్లిక స్వభావమా అన్నది పెద్ద వాదం. దాన్ని ఒక అభ్యాసంగా పెట్టి ఉంటే కోర్సు స్థాయి పెరిగేది. దీనికి తోడు, అమర్చుకున్న విలువలను భద్రపరిచే సదుపాయం సిమ్యులేటర్‌లో లేదు. ఒక సాయంత్రం గంటన్నర సేపు సర్దుకున్న విలువలన్నీ, పొరపాటున పేజీ మళ్లీ తెరుచుకోవడంతో పోయాయి. ఆ తరువాత పక్కనే నోటు పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను.

కార్బన్ డయాక్సైడ్ మీద నడిచిన రెండు ఉపన్యాసాలకు వంక పెట్టలేం. ఊపిరి వేగాన్ని ప్రధానంగా శాసించేది ఆక్సిజన్ కొరత అని మా విద్యార్థుల్లో సగానికి పైగా నమ్ముతారు. విశ్రాంతిలో ఉన్న మనిషిలో ఆ పని కార్బన్ డయాక్సైడ్‌ది అని 1905లో హాల్డేన్, ప్రీస్ట్‌లీ చూపిన దగ్గర మొదలుపెట్టి, మెడ ధమనుల దగ్గరి గ్రాహకాల మీద పరిశోధనకు 1938 నోబెల్ బహుమతి పొందిన హేమన్స్ మీదుగా, మజ్జాముఖం కిందితలానికి దగ్గరగా ఉండి ఆమ్లతను పసిగట్టే కణాల దాకా తీసుకొచ్చారు. ఆ కణాల పెరుగుదలకు అవసరమైన ఫాక్స్2బి జన్యువు దెబ్బతిన్న పిల్లలు, మెలకువలో సరిగానే ఊపిరి తీస్తున్నా, నిద్రలోకి జారగానే తగినంతగా తీయలేకపోతారు. మెలకువలో మరో దారి ఉందనీ, నిద్రలో ఈ రసాయన కబురే పెద్ద ఆధారమనీ ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు. సిమ్యులేటర్‌లో రక్తం ఊపిరితిత్తుల నుంచి మెదడుకు చేరే ఆలస్యాన్ని పెంచే మీట ఒకటి ఉంది. దాన్ని పెంచితే ఊపిరి పెరుగుతూ, తరుగుతూ, కాసేపు ఆగి, మళ్లీ పెరుగుతూ పోతుంది. తీవ్రమైన హృద్రోగులలో వైద్యులు చూసే చేన్-స్టోక్స్ శ్వాస తెర మీద మన చేతులతోనే తయారవుతుంది. చేపలు మాత్రం నీటిలోని ఆక్సిజన్‌కే ఎక్కువగా స్పందిస్తాయన్న భేదాన్ని కూడా మరిచిపోకుండా చెప్పారు.

ఇక నా అసలు ఫిర్యాదు. విశ్రాంతిలో ఉన్న క్షీరదంలో నిశ్వాసానికి కండరాల శ్రమ పెద్దగా అక్కరలేదు. సాగిన ఊపిరితిత్తులు, పక్కటెముకల గూడు తమంతట తామే వెనక్కి వస్తాయి. బహుశా ఈ కారణంతోనే కోర్సు దాన్ని ‘ఏమీ జరగని వేళ’గా చూసింది. నిజానికి ఉచ్ఛ్వాసం ముగిసిన వెంటనే ఉదరవితానం ఒక్కసారిగా వదులైపోదు. స్వరపేటిక కండరాలు కూడా దారిని కాస్త ఇరుకు చేసి గాలిని మెల్లగా విడుదల చేస్తాయి. పరుగెత్తేటప్పుడు, కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు పొట్ట కండరాలు రంగంలోకి దిగుతాయి, వాటిని నడిపే కణాలు ప్రీ-బోట్జింగర్‌కు ముందువైపున, ముఖనాడి కేంద్రకం దగ్గర ఉన్నాయని 2000ల నుంచి వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి. రెండు లయలు రెండు చోట్ల పుట్టి ఒకదానికొకటి జత కుదుర్చుకుంటాయన్నది ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన ఆలోచన. దానికి కోర్సులో దక్కినది 11 నిమిషాలు.

పక్షుల విషయంలో ఈ అలసత్వం మరీ ఎబ్బెట్టుగా ఉంది. పక్షికి ఉదరవితానం లేదు, దాని ఊపిరితిత్తులు మన వాటిలా సాగవు, గాలిసంచుల ద్వారా గాలిని లోపలికి తీసుకోవడానికీ బయటికి నెట్టడానికీ రెండింటికీ కండరాలు పనిచేయాల్సిందే. పాట పలికేది ముఖ్యంగా నిశ్వాసంలో. కెనరీ పక్షి వేగంగా పాడుతూ స్వరానికీ స్వరానికీ మధ్య చిటికెడు గాలి పీల్చుకుంటుంది. మాట్లాడే మనిషి కూడా నిశ్వాసం మీదే బతుకుతాడు. ఇలాంటి జంతువుల గురించి ఒక పూర్తి ఉపన్యాసం పెట్టి ఉంటే, నిశ్వాసం అంటే కేవలం మిగిలిపోయిన సమయం కాదన్న సంగతి చెప్పకుండానే తెలిసేది. కప్ప గురించి మాత్రం కొంత న్యాయం చేశారు: నోటి అడుగుభాగాన్ని ఎత్తుతూ దించుతూ అది చేసే చిన్న కదలికలకూ, ఊపిరితిత్తులలోకి గాలిని నెట్టే పెద్ద కదలికలకూ వేర్వేరు లయకారులు ఉన్నాయనీ, నల్లమందు జాతి మందులు రెండవదాన్ని అణిచినా మొదటిదాన్ని అంతగా తాకవనీ చూపించారు.

పదకొండవ ఉపన్యాసంలోని చెరువు నత్త మాత్రం ఈ లోట్లన్నిటినీ కాసేపు మరిపించింది. లిమ్నియా అనే ఈ నత్త నీటి పైకి వచ్చి, ఒంటి పక్కనున్న రంధ్రం తెరిచి గాలి తీసుకుంటుంది. ఆ తెరవడం, మూయడం నడిపే వలయంలో కీలకమైన నాడీకణాలు మూడే. 1990లో ఆ మూడింటినీ నత్త నుంచి విడిగా తీసి, గాజు పాత్రలో పెంచి, అవి ఒకదానితో ఒకటి తిరిగి కలుసుకున్నాక చూస్తే, అదే లయ మళ్లీ పుట్టింది. ఎలుక మెదడు కాండంలో వేలాది కణాల మధ్య దారితప్పి తిరిగిన మనకు, మూడు కణాలతో పూర్తయ్యే లెక్క ఇచ్చే ఊరట అంతా ఇంతా కాదు. దీన్ని చివర్లో కాక మూడవ ఉపన్యాసానికి ముందే పెట్టాల్సింది.

నిట్టూర్పు, భయం, ప్రశాంతత గురించిన చివరి ఉపన్యాసం మీద ఎక్కువ చెప్పను. చిట్టెలుకలలో నిట్టూర్పును రేపే రెండు పెప్టైడ్ (నాడీకణాల మధ్య కబురు మోసే చిన్న ప్రోటీన్ తునక) మార్గాలను 2016లో కనుగొన్న సంగతి, ప్రీ-బోట్జింగర్ నుంచి మెదడును మేల్కొలిపే కేంద్రానికి వెళ్లే కొద్దిపాటి కణాలను తొలగిస్తే చిట్టెలుకలు అసాధారణంగా నెమ్మదించాయన్న 2017 నాటి ఫలితం బాగా చెప్పారు. కానీ అక్కడి నుంచి ఒక్క గంతులో మనుషుల ప్రాణాయామం దాకా వెళ్లిపోవడం తొందరపాటు.

ఉపశీర్షికలు స్పష్టంగా ఉన్నాయి, ఉపన్యాసాల నిడివి సగటున ముప్పావు గంట. అభ్యాసాలలో సగం జ్ఞాపకశక్తిని పరీక్షించేవే; సిమ్యులేటర్‌తో చేసే మిగతా సగాన్ని మాత్రం వదలకూడదు. నాడీకణం ఎలా స్పందిస్తుందో, అయాన్లు పొర దాటడమంటే ఏమిటో తెలియనివారికి నాలుగవ ఉపన్యాసం నుంచి చుక్కలు కనబడతాయి. ఆ పునాది ఉన్నవారు మొదటి రెండు ఉపన్యాసాల తరువాత పదకొండవది చూసి, ఆపై మూడవదానికి రావాలని నా సలహా. నిశ్వాసం గురించి, పొటాషియం గురించి నిర్వాహకులకు రాశాను. పొటాషియం విషయం ఉపన్యాసం కింద ఒక వివరణగా చేర్చారు, నిశ్వాసం గురించి జవాబు రాలేదు.