కట్ట వైపా, శిఖం వైపా? చలి తగ్గే రోజుల్లో బంగారు తీగ (కామన్ కార్ప్) చేపకు గాలం

రథసప్తమి దాటగానే ఒకటే ప్రశ్న మొదలవుతుంది: "అన్నా, రేపు చెరువుకు పోతున్నం. కట్ట మీద కూర్చోవాల్నా, శిఖం దిక్కు పోవాల్నా?" శిఖం అంటే కట్టకు అవతల, నీళ్ళు లోతు లేకుండా పరుచుకునే చెరువు అంచు. వానాకాలంలో ఈ మాట ఎవరూ అడగరు. అప్పుడు ఎక్కడ వేసినా ఏదో ఒకటి తగులుతుంది. రథసప్తమి నుంచి శివరాత్రి దాకా ఉండే మూడు వారాలతోనే చిక్కంతా. పొద్దున స్వెటర్ కావాలి, మధ్యాహ్నానికి చెమట కారుతుంది. ఫిబ్రవరిలో హైదరాబాద్ చుట్టుపక్కల రాత్రి సుమారు 18 డిగ్రీలు, పగలు 32 దాకా ఉంటుంది. చేప ఒంటి వేడి నీళ్ళ వేడిని బట్టే మారుతుంది. నీళ్ళు చల్లబడితే దాని అరుగుదల మందగిస్తుంది, ఆకలీ చచ్చిపోతుంది.

ముందే చెప్పేస్తున్నా, నా ఓటు శిఖానికి. అయితే పూట చూసుకుని.

కట్టను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చెరువులో అన్నిటికన్నా లోతు అక్కడే. పొద్దుటికీ సాయంత్రానికీ ఆ నీళ్ళ వేడిలో పెద్ద తేడా రాదు కాబట్టి చేపకు అక్కడ నిలకడ ఉంటుంది. పైగా ఫిబ్రవరి నాటికి యాసంగి వరికి తూము గుండా నీళ్ళు పోతూనే ఉంటాయి. చెరువు వెనక్కి తగ్గేకొద్దీ పెద్ద చేప లోతుకు జరుగుతుంది. బొచ్చె, రోహు కావాలనుకునేవాళ్ళకు కట్టే మేలు. బొచ్చె పై నీళ్ళలో, రోహు నడిమి నీళ్ళలో మేస్తాయి కాబట్టి బెండు కట్టి ఎరను నేల తగలకుండా వేలాడదీయాలి. బండి కట్ట మీదికే పోతుందన్నది ఇంకో సౌకర్యం. నిజం చెప్పాలంటే చాలామంది కట్టను ఎంచుకునేది అందుకే.

కానీ "చేప అంతా లోతులోనే ఉంది" అనేది సగం మాట. ఉండటం వేరు, మేయడం వేరు.

యూట్యూబ్‌లో ఇంగ్లండ్ వాళ్ళ కార్ప్ వీడియోలు చూసి "చలికాలం కదా, లోతుకే వేయాలి" అని గట్టిగా నమ్మేవాళ్ళు ఉన్నారు. అక్కడికి ఆ మాట సరైనదే. నీళ్ళు అన్నిటికన్నా బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. పైన గడ్డకట్టే చలి ఉన్నప్పుడు ఆ 4 డిగ్రీల నీళ్ళు అడుగుకు చేరతాయి, ఉన్నంతలో అదే వెచ్చటి చోటు. మన చెరువు ఏ మాఘంలోనూ ఆ దరిదాపులకు రాదు. మన దగ్గర వెచ్చటి నీళ్ళు పైకి తేలతాయి, చల్లటివి అడుగున ఉంటాయి. ఎండ పడగానే ముందు వేడెక్కేది మోకాలి లోతు, నడుము లోతు నీళ్ళే. అంటే శిఖం. రాత్రి చల్లారిపోయేదీ ముందు అవే. కాబట్టి తెల్లవారుజామున శిఖం కన్నా కట్ట కింద వెచ్చగా ఉంటుంది, మధ్యాహ్నానికి లెక్క తిరగబడుతుంది. ఆక్వేరియంలో పెట్టే చిన్న థర్మామీటర్‌ను దారానికి కట్టి, సీసం గుండు వేసి రెండు చోట్లా దింపి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇక నా మటుకు నాకు అన్నిటినీ మించిన విషయం గాలీ కాదు, ఎరా కాదు. నిన్న రాత్రి ఆకాశం.

రాత్రి చుక్కలు తేటగా కనిపించి ఉత్తరపు గాలి వీచిందంటే నీళ్ళ వేడి అంతా పైకి పోయినట్టే. పొద్దున పొగమంచులో గాలం పట్టుకుని వణకడం తప్ప ఒరిగేదేమీ లేదు. అలాంటి రోజు పగలు ఎండ మాత్రం బాగా కాస్తుంది. ఇంట్లో అన్నం తినే బయల్దేరండి. పన్నెండు నుంచి నాలుగు దాకా శిఖం అంచున కూర్చోండి. ఎండ పొద్దున్నుంచీ పడుతున్న వైపు, చల్లగాలికి కాస్త అడ్డం ఉన్న మూల వెతుక్కోండి.

రాత్రంతా మబ్బు పట్టి ఆగ్నేయం నుంచి తేమ గాలి వస్తే కథ వేరు. మబ్బు దుప్పటిలా కప్పుతుంది కాబట్టి పొద్దున నీళ్ళు అంతగా చల్లారవు, మధ్యాహ్నం అంతగా వేడెక్కవు. శిఖానికి ఉన్న లాభం పోతుంది. ఆ రోజు కట్టకే పోండి, పొద్దున్నే అయినా ఫరవాలేదు. ఒక్క జాగ్రత్త: మబ్బు రెండు మూడు రోజులు వదలకుండా, గాలి కూడా లేకుండా ఉంటే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది. అది అన్నిటికన్నా తక్కువగా ఉండేది తెల్లవారుజామున. కైకలూరు వైపు చెరువుల రైతులు అలాంటి పొద్దున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే మేత ఆపేస్తారు. రైతు వేసిన తవుడే తినని చేప మీ పిండి ముద్ద వైపు ఏం చూస్తుంది?

బంగారు తీగ కోసమైతే శిఖం ఇంకా మేలు. మన చెరువుల్లోది 1957లో బ్యాంకాక్ నుంచి దేశానికి వచ్చిన రకం. రోహు కన్నా చలికి బాగా ఓర్చుకుంటుంది, బురద తవ్వి తింటుంది. ఎండెక్కాక గడ్డి అంచున సన్న బుడగలు గుంపుగా లేచి, వాటి వెనకే బురద పొగలా తేలితే అది అక్కడ మేస్తున్నట్టు. దాని మీదికి నేరుగా విసరకండి, అవతల వేసి మెల్లగా లాక్కోండి. ఈ కాలంలో బెండు గుటుక్కున మునగదు. కాస్త పైకి లేచి పక్కకు వాలుతుంది. మునిగేదాకా ఆగితే ముద్ద పోతుంది, ఖాళీ ముల్లు మిగులుతుంది. ముద్ద కూడా రేగిపండు కన్నా పెద్దది వద్దు. పల్లి చెక్క కలిపిన గోధుమపిండి చాలు. వానాకాలంలోలా దోసిళ్ళతో మేత చల్లితే దాంతోనే దాని కడుపు నిండుతుంది.

శిఖంలో ఇంకొకటి కూడా కనిపిస్తుంది. బంగారు తీగకు మన నేల మీద జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టే ఒక కాలం. నాచు మీద, మునిగిన గడ్డి మీద అంటుకునే గుడ్లు పెడుతుంది. లోతులేని నీళ్ళలో నాలుగైదు చేపలు తోకలు కొడుతూ ఒకదాన్నొకటి తరుముతుంటే అది మేత కాదు. ఎంత మంచి ఎర వేసినా ముట్టవు. వాటి జోలికి పోకుండా వంద అడుగులు పక్కకు జరగండి. పొట్ట నిండా గుడ్లున్న ఆడచేప తగిలితే నేనైతే వదిలేస్తాను.

నిండిన చెరువు పొర్లిపోయే మత్తడి సంగతి కొందరు అడుగుతారు. ఫిబ్రవరిలో అక్కడ చూడ్డానికి రాళ్ళే ఉంటాయి. తూము దగ్గర పరకలనే చిన్న చేపలు తగులుతాయి, పిల్లలను తీసుకెళ్తే సరదాగా ఉంటుంది.

వడగళ్ళ వాన పడితే మాత్రం శిఖం మాటే ఎత్తకండి. చల్లటి మురికి నీళ్ళు వచ్చి చేరేది ముందు అటే. మళ్ళీ రెండు మూడు రోజులు గట్టి ఎండ కాసేదాకా కట్ట కిందే వేయండి, ఒకటి తగిలినా సంతోషించండి. ఎక్కడ కూర్చున్నా ఊరి మత్స్య సహకార సంఘం వాళ్ళను ముందు అడగాలి. చెరువులో చేపపిల్లలను వదిలి పెంచుకునేది వాళ్ళు.

శివరాత్రి తర్వాత ఈ లెక్క మెల్లగా మారుతుంది. మార్చి నడుమకు మధ్యాహ్నం శిఖం నీళ్ళు మరీ కాగిపోతాయి. అప్పుడు పొద్దున్నే శిఖం, ఎండెక్కాక కట్ట.