చీకటి కోసం శ్రీకాకుళం తీరంలో మూడు రాత్రులు

చిన్నప్పుడు విజయనగరంలో మా డాబా మీద పడుకుని కృత్తికల్లో ఆరు చుక్కలూ లెక్కపెట్టేవాణ్ణి. ఇప్పుడు అదే డాబా మీద నుంచి రెండు కనబడితే గొప్ప. అందుకే మొన్న 2025 డిసెంబరులో, అమావాస్య వెళ్లిన వారం చూసుకుని, ఎనిమిదో తరగతి చదువుతున్న అన్నయ్య కొడుకుని వెంటబెట్టుకుని బయల్దేరాను. బడి పోతుందని వదిన గునిసింది గానీ, 24న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్ ఎగురుతోందంటే వాణ్ణి ఆపడం ఎవరి తరమూ కాలేదు.

మొదటి రాత్రి శ్రీకాకుళంలోనే. లాడ్జి గది పన్నెండు వందలు, తెల్లారకుండానే వేణ్ణీళ్లు, ఉతికిన దుప్పట్లు. సుఖానికి మూడు రాత్రుల్లో ఇదే మేలు. ఆకాశానికి మాత్రం సున్నా. మేడెక్కి చూస్తే ఊరి దీపాల వెలుగు నెత్తి దాకా పరుచుకుని ఉంది.

పొద్దున్నే అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి. మంగళవారం కాబట్టి రద్దీ లేదు, అరగంటలో దర్శనమైంది. ఆదివారమైతే పిల్లలతో వెళ్లమని నేను చెప్పను. మార్చి మొదట్లోనూ అక్టోబరు మొదట్లోనూ కిరణాలు స్వామి పాదాలు తాకుతాయని వాడికి తెలుసు, ఎందుకు రెండుసార్లో తెలియదు. మార్చి విషువత్తుకు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు) పది పన్నెండు రోజుల ముందు, మళ్లీ సెప్టెంబరు విషువత్తు దాటిన పది రోజులకు, సూర్యుడు తూర్పున దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. గుడి మెట్ల మీద వేలితో గీసి చూపించాను. ఆ లెక్క తెలిసి గుమ్మం నిలబెట్టిన వాళ్లంటే నాకు రాకెట్ ఇంజనీర్ల మీద ఉన్నంత గౌరవం.

మధ్యాహ్నం బస్సులో కళింగపట్నం చేరాం. వంశధార సముద్రంలో కలిసే చోటు, పాత రేవు, లైట్‌హౌస్. కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఇదే సరైన చోటు. చందువ వేపుడుతో భోజనం చాలా బాగుంది. గది సంగతే బాగోలేదు: కుళాయి కారుతోంది, ఇస్తామన్న వైఫై లేదు, ఫోన్ సిగ్నల్ కిటికీ దగ్గర నిలబడితేనే. తీరం పొడుగునా స్తంభాల దీపాలు. వాటికి దూరంగా ఇసుకలో చాలాసేపు నడిచాక, నెలవంక కూడా దిగిపోయాక, తొమ్మిదింటికి ఆకాశం తెరుచుకుంది. పునర్వసు దగ్గర గురుడు, బైనాక్యులర్‌లో అతని చంద్రులు.

వల సర్దుకుంటున్న ఒక తాత దగ్గరకొచ్చి, "ఏటి సూస్తన్నారు బాబూ?" అన్నాడు. చూపించాం. ఆయన తిరిగి మాకు చూపించాడు: వరసగా ఉన్న మూడు చుక్కలు గొల్లకావిడి, కృత్తికలేమో పిల్లలకోడి. పొద్దున ఎగరబోయే ఉపగ్రహం మామూలు ఫోన్లకే నేరుగా సిగ్నల్ ఇవ్వడానికని మావాడు చెప్పాడు. "ఒడ్డు కనబడనంత దూరం పోతే ఈ ఫోను దేనికీ పనికిరాదు. గాలి మారితే సెప్పేవోడుండడు. అదేదో తొందరగా వస్తే బాగున్ను," అన్నాడు తాత.

ఆ మాట నన్ను రాత్రంతా వదల్లేదు. ఎందుకంటే ఆ బ్లూబర్డ్ బ్లాక్-2 ఉపగ్రహం విప్పుకునే ఆంటెన్నా 223 చదరపు మీటర్లు. దానికి ముందు పంపిన నమూనా, బ్లూవాకర్ 3, కేవలం 64 చదరపు మీటర్లకే, ఎండ పడి మెరుస్తూ, ఆకాశంలో అతి ప్రకాశవంతమైన చుక్కల సరసన చేరి ఖగోళ శాస్త్రవేత్తలను కలవరపెట్టింది. నేను వెతుక్కుంటూ వచ్చిన చీకటికి అది మరో దీపం. తాతకు అది ప్రాణరక్ష.

24 ఉదయం సిగ్నల్ కోసం టీకొట్టుకు పరుగెత్తాం. కొట్టాయన అడక్కుండానే టీవీలో వార్తల ఛానల్ పెట్టాడు. ఈ ప్రయాణంలో నాకు అందిన మంచి సేవ అదే. కక్ష్యలో వేరే వస్తువులతో ఢీకొనే అవకాశం ఉందని ప్రయోగాన్ని 90 సెకన్లు ఆపారు. మే నెలలో పీఎస్‌ఎల్‌వీ సి61 రాకెట్ మూడో దశలో విఫలమైనప్పటి నుంచి కౌంట్‌డౌన్ అంటే నాకు గుండెదడ. 8:55కి లేచింది. 640 టన్నుల రాకెట్, 6,100 కిలోల ఉపగ్రహం, మన నేల నుంచి ఇంతటి బరువు ముందెన్నడూ వెళ్లలేదు. పావుగంటలో కక్ష్యలో విడిపోగానే టీకొట్టు మొత్తం చప్పట్లు కొట్టింది. నా కళ్లు చెమర్చాయి.

మూడో రాత్రి బారువ. దారి దూరం, బస్సులు మారాలి, గది సాదాసీదా, రాత్రి భోజనం ముందే చెప్పకపోతే దొరకదు. అయినా ఆకాశం కోసం వచ్చేవాళ్లకు బారువే నా మాట. గది చూసుకునే ఆయన్ని వరండా బల్బు ఆర్పమని అడిగితే, వెంటనే ఆర్పేశాడు. తాబేళ్లు గుడ్లు పెట్టే నెలల్లో తీరాన దీపాలు ఉండకూడదని ఆయనకు ముందే తెలుసు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుగు కనబడిన వైపే పాకి దారి తప్పుతాయట. ఇసుకలో వెల్లకిలా పడుకున్నాం. మావాడు పిల్లలకోడిలో ఏడు లెక్కపెట్టాడు, నాకు ఆరే.

మార్చి 10కి మళ్లీ వస్తున్నాం. తెల్లవారుజామున అరసవల్లిలో కిరణాలు, రాత్రికి బారువ. ఆ రోజు సుమారు అర్ధరాత్రి దాకా చంద్రుడు రాడు. వరండా బల్బు సంగతి ఇప్పుడే చెప్పి ఉంచాను.