గ్రాంటా, చందానా, కథనానికో విరాళమా? చిన్న వీడియో వార్తా సంస్థకు ఏది మేలు

ఇద్దరు రిపోర్టర్లు, ఒక కెమెరామన్, ఒక ఎడిటర్, డెస్కూ లెక్కలూ చూసే ఇంకొకరు. ఈ ఐదుగురితో తెలుగులో వీడియో వార్తలు నడపడానికి నెలకు 3 లక్షలు అవుతుందనుకుందాం. ప్రకటనల ఊసు ఇక్కడ ఎత్తడం లేదు. తెలుగు చానళ్లకు ప్రకటనలిచ్చేది రియల్ ఎస్టేట్ వాళ్లు, కార్పొరేట్ కాలేజీలు, ప్రభుత్వ సమాచార శాఖ. నిఖార్సయిన ప్రజాప్రయోజన కథనం ఎక్కువగా తగిలేదీ వాళ్లకే. ఇక మిగిలినవి మూడు దారులు: గ్రాంటు, చందా (ప్రేక్షకులు నెలకో ఏడాదికో కట్టే రుసుము), ఒక్కో కథనానికి విరాళం.

గ్రాంటు అనగానే చాలామంది చూపు విదేశాల మీదికి పోతుంది. ఆ తలుపు మూసే ఉంది. విదేశీ విరాళాలను నియంత్రించే 2010 నాటి చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) సెక్షన్ 3 ప్రకారం ఎలక్ట్రానిక్ మాధ్యమంలో ఆడియో, వీడియో వార్తలు గానీ వర్తమాన వ్యవహారాల కార్యక్రమాలు గానీ తయారుచేసే సంస్థ విదేశీ విరాళం తీసుకోకూడదు. దాని యజమాని, ఎడిటర్, రిపోర్టర్ వ్యక్తిగతంగా తీసుకున్నా తప్పే. యూట్యూబే కదా అంటే కుదరదు. డల్లాస్‌లో ఉన్న మనవాళ్ల విషయంలో చూడాల్సింది పాస్‌పోర్టు. హెచ్1బీ మీద ఉన్న భారత పౌరుడు తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న అతని అన్న పంపితే వస్తుంది, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. అక్కడ రిజిస్టరైన తెలుగు సంఘం పంపినా అంతే. కాబట్టి విరాళాల పేజీలో పౌరసత్వం అడిగే గడి తప్పనిసరి.

దేశంలో ఇచ్చేవాళ్లు తక్కువే. బెంగళూరులోని ఇండిపెండెంట్ అండ్ పబ్లిక్ స్పిరిటెడ్ మీడియా ఫౌండేషన్ వంటివి కొన్ని ఉన్నాయి. సీఎస్ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టేది) డబ్బు కోసం వాటి చుట్టూ తిరగడం దండగ, ఎందుకంటే ఆ డబ్బు వేటికి ఇవ్వొచ్చో చెప్పే కంపెనీల చట్టం 7వ షెడ్యూల్లో జర్నలిజం లేదు. దాతృత్వ సంస్థలు సాధారణంగా ట్రస్టుకో, సెక్షన్ 8 కంపెనీకో (లాభాలు పంచుకోని కంపెనీ) ఇస్తాయి. అసలు మెలిక ఇక్కడే ఉంది. ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న సంస్థ ఏడాది రాబడిలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చుపెట్టాలి, లేదా దేనికోసం దాస్తున్నదీ ముందే రాసివ్వాలి. కష్టకాలానికని నిల్వ పెట్టుకోవడం కష్టం. ‘సాధారణ ప్రజాప్రయోజనం’ కోవలో నమోదైతే వ్యాపారం మీద వచ్చేది మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. అంటే గ్రాంటు కోసం ట్రస్టు పెట్టుకున్నవాళ్లకు రేపు వ్యాపార రాబడి కిందికొచ్చే చందాలు బాగా పెరిగితే అదే ముప్పు. 2025 జనవరిలో పరిశోధనాత్మక జర్నలిస్టుల సంస్థ ది రిపోర్టర్స్ కలెక్టివ్‌కు ఈ మినహాయింపే రద్దయింది. జర్నలిజంలో ప్రజాప్రయోజనం లేదన్నది అధికారులు చూపిన కారణమని ఆ సంస్థ ప్రకటించింది.

గ్రాంటు విడతల్లో వస్తుంది. 12 లక్షలు 40, 40, 20 శాతాలుగా ఇస్తారనుకోండి. చివరి 2.4 లక్షలు ఆఖరి నివేదిక, ఆడిట్ అయిన ఖర్చుల పట్టీ ఇచ్చాకే చేతికొస్తాయి. అప్పటిదాకా చేతి డబ్బు పెట్టాలి. పైగా ఇచ్చేవాళ్లు ఒక్కరే అయితే వాళ్ల నిర్ణయంతోనే అంతా ఆగిపోతుంది. 1967 చట్టంతో ఏర్పడి అమెరికాలో ప్రజా రేడియో, టీవీలకు నిధులు పంచిన కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్‌కే 2025 జూలైలో అక్కడి కాంగ్రెస్ డబ్బు కత్తిరించింది. మరుసటి నెలలో అది దుకాణం కట్టేస్తున్నట్టు చెప్పింది.

చందా లెక్క వేరు. నెలకు 200 అంటే, అందులో 18 శాతం జీఎస్టీ పోతే 169 రూపాయల చిల్లర. ఆన్‌లైన్ చెల్లింపు నడిపే గేట్‌వేకు 2 శాతం, దానిపై పన్ను పోగా సుమారు 165. 3 లక్షలకు 1,820 మంది కావాలి. (ఏడాదికి 36 లక్షలంటే జీఎస్టీ 20 లక్షల పరిమితి దాటినట్టే, కాబట్టి తప్పించుకునే వీల్లేదు.) నెలకు 5 శాతం మంది జారిపోతే ఉన్నచోట ఉండటానికే 90 మంది కొత్తవాళ్లు రావాలి. జారిపోయేవాళ్లంతా కోపంతో వెళ్లిపోయేవాళ్లు కారు. ఖాతాలో డబ్బు లేక ఆటోపే విఫలమై, మళ్లీ ఎవరూ అడగక పోయేవాళ్లు ఉంటారు. 2021 అక్టోబరులో ఆర్బీఐ కొత్త ఈ-మాండేట్ (ఖాతా నుంచి డబ్బు దానంతటదే కట్టేందుకు ఇచ్చే అనుమతి) నిబంధన వచ్చినప్పుడు కార్డుల మీద నడిచే చందాలు చాలా ఆగిపోయాయి. అందుకే ఏడాది చందా 2,000కు ఇవ్వడం మంచిది. 400 తగ్గినా, పన్నెండుసార్లు విఫలమయ్యే అవకాశం ఒక్కసారికి తగ్గుతుంది.

చందాకు ఇంకో బలం ఉంది. వ్యాపారంలో భాగంగా ఇచ్చిన సేవకు తీసుకునే రుసుమును ఎఫ్‌సీఆర్‌ఏ విదేశీ విరాళంగా లెక్కించదు. డల్లాస్ అన్న విరాళం ఇవ్వలేడు గానీ చందా కట్టొచ్చు. అయితే అతనికి నిజంగా ఏదో ఒకటి అందాలి, బిల్లూ ఉండాలి. పేరుకు చందా, లోపల విరాళం అయితే నిలవదు.

మూడోది, ఒక్కో కథనానికి విరాళం. 2012లో మొదలైన వార్తా వెబ్‌సైట్ న్యూస్‌లాండ్రీ ‘ఎన్ఎల్ సేన’ పేరుతో ఇది చేస్తోంది. కథనం ఇదీ, ఇంత కావాలీ అని ముందే చెప్పి అడుగుతారు. ఎన్నికలు, కుంభకోణాలకు డబ్బు వస్తుంది. అంగన్‌వాడీ గుడ్ల సరఫరాకు అంత తొందరగా రాదు. పైగా ఎవరి మీద పరిశోధన చేస్తున్నారో వాళ్లకూ ముందే తెలిసిపోతుంది.

మా మాట ఇది: జీతాలు చందా మీద నడవాలి, అందుకు ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ సరిపోతుంది. గ్రాంటు ఒక్కసారి పెట్టే ఖర్చుకు మాత్రమే తీసుకోండి: కెమెరాలు, శిక్షణ, ఆరు నెలలు పట్టే పరిశోధన, లాయర్ ఫీజు. ఆర్టీఐ దరఖాస్తుకు 10 రూపాయలే, దాని జవాబును ప్రసారం చేసే ముందు లాయర్‌కు చూపించడమే ఖరీదు. బడ్జెట్‌లో దానికి వేరే పద్దు పెట్టకపోతే ఎవరూ ఇవ్వరు. గ్రాంటు కోసం ట్రస్టు తప్పనిసరైతే కంపెనీ నుంచి విడిగా ఉంచండి. ఖాతా, ఆడిటర్, జమాఖర్చులు ఏవీ కలవకూడదు.

సంతకానికి ముందు ఒప్పందంలో మూడు చూడాలి. ప్రసారానికి ముందు కథనం దాతకు చూపించాలన్న నిబంధన ఉంటే వద్దనండి. మధ్యలో ఆపేస్తే కనీసం 90 రోజుల నోటీసు, అప్పటిదాకా అయిన ఖర్చు ఇవ్వాలని రాయించండి. గ్రాంటు ముగిశాక కెమెరాలూ ఫుటేజీ ఎవరివో అక్షరాలా ఉండాలి. దాత పేరన ఉంటే మార్చమని అడగండి.