ఏకలవ్యుల జాజ్: 12 ఏళ్లుగా వింటున్న బ్రిటిష్ ట్రాడ్ రికార్డులు

నా దగ్గరున్న రికార్డుల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు తిరిగింది బ్రిటిష్ ట్రాంబోన్ వాదకుడు క్రిస్ బార్బర్ బ్యాండు 1954లో డెక్కా రికార్డు కంపెనీకి చేసిన ‘న్యూ ఆర్లియన్స్ జాయ్స్’. 10 అంగుళాల ఎల్పీ, రెండు వైపులా కలిపి 8 పాటలు. 12 ఏళ్ల కిందట ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో, మా వీధి చివర చారిటీ షాపులో కొన్నాను. అట్ట మూలలు నలిగిపోయి ఉన్నాయి, సూది పెట్టగానే కాసేపు చిటపటలాడింది. అప్పటికి జాజ్ అంటే పెద్ద హోటల్ లాబీలో మెల్లగా మోగే సంగీతం అనుకునేవాణ్ణి. ఇందులోంచి వచ్చింది వేరు. పెళ్లి ఊరేగింపు మలుపు తిరిగి మన వీధిలోకి వచ్చినప్పటి హుషారు అది.

ట్రాడ్ అంటే ట్రెడిషనల్‌కి పొట్టి పేరు. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నల్లజాతి కళాకారులు 20వ శతాబ్దం మొదట్లో వాయించిన పద్ధతిని, 1940ల నుంచి 60ల మొదటి దాకా బ్రిటిష్ కుర్రాళ్లు పట్టుకుని వాయించారు. ముందు వరసలో ట్రంపెట్, క్లారినెట్, ట్రాంబోన్. వెనక బాంజో, బేస్, డ్రమ్స్. ముందు వరసలో ముగ్గురూ ఒకేసారి వాయిస్తారు, అయినా గోలగా ఉండదు. ఎందుకు ఉండదో నాకు చాలా ఏళ్లు తెలియలేదు.

తెలియజెప్పింది మా బాబాయి. ఆయన 30 ఏళ్లు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించారు. ఒకసారి మా దగ్గరికి వచ్చి నెల రోజులున్నప్పుడు ఈ రికార్డు పెట్టాను. కాఫీ గ్లాసు కింద పెట్టేసి, కళ్లు మూసుకుని ఒక వైపంతా విన్నారు. “ఒరేయ్, పాట ట్రంపెట్ అతను మోస్తున్నాడు. క్లారినెట్ అతను దాని పైన తీగలా అల్లుకుంటున్నాడు. ఆ పెద్ద బూర ఉంది చూడు, అది కింద ఖాళీలు పూడుస్తోంది. ఎవడి దారి వాడిదే, ఒకడి కాళ్లకి ఒకడు అడ్డం పడట్లేదు” అన్నారు. తర్వాత క్లారినెట్ ఒక్కదాన్నే పట్టుకుని మొదటి నుంచి మళ్లీ వినమన్నారు. ఇప్పటికీ అలాగే వింటాను. ఒకరోజు ట్రాంబోన్ వెంట వెళ్తాను, ఇంకోరోజు బేస్ వెంట. ఇన్నేళ్లయినా ఈ రికార్డు పాతబడకపోవడానికి నాకు కనిపించే మొదటి కారణం ఇదే.

రెండో కారణం వీళ్లు నేర్చుకున్న తీరు. 1935 నుంచి 1950ల మధ్య దాకా అమెరికన్ బ్యాండ్లు బ్రిటన్ వచ్చి వాయించడం దాదాపు కుదరలేదు. సంగీతకారుల యూనియన్ పట్టుదల, ప్రభుత్వం పర్మిట్లు ఇవ్వకపోవడం, రెండూ కలిశాయి. గురువు కళ్లెదుట లేడు. ఉన్నది గ్రామఫోన్ రికార్డు ఒక్కటే. ఏకలవ్యుడు మట్టి బొమ్మ ముందు విల్లు పట్టినట్టు, వీళ్లు ఆ రికార్డుల ముందు కూర్చుని ఒక్కో స్వరం వెతుక్కున్నారు. ట్రంపెట్ వాదకుడు కెన్ కాల్యర్ అక్కడితో ఆగలేదు. సరుకుల ఓడలో కొలువుకి చేరి, 1952లో అలబామాలోని మొబైల్ రేవులో ఓడ వదిలేసి న్యూ ఆర్లియన్స్ చేరాడు. క్లారినెట్ వాదకుడు జార్జ్ లూయిస్ బ్యాండుతో కలిసి వాయించాడు. వీసా గడువు దాటిందని జైల్లో పెట్టి, 1953లో వెనక్కి పంపేశారు. అదే ఏడాది సెప్టెంబర్లో అతను డెక్కాకు చేసిన ‘న్యూ ఆర్లియన్స్ టు లండన్’ వింటే ఆ తపన తెలుస్తుంది. ట్రంపెట్‌లో ఆర్భాటం లేదు, పై స్వరాలకి ఎగబాకడం లేదు. పాటని నిదానంగా నడిపిస్తాడు. మొదటిసారి విన్నప్పుడు చప్పగా ఉందనుకున్నాను. నాలుగో ఏడు వచ్చేసరికి బార్బర్‌తో సమానంగా ఇష్టమైంది.

అప్పుడు కాల్యర్ బ్యాండులో బార్బర్, క్లారినెట్ వాయించే మాంటీ సన్‌షైన్, బాంజో వాయించే లానీ డోనెగన్ ఉన్నారు. 1954లో వీళ్లకీ కాల్యర్‌కీ పడలేదు. బార్బర్ పగ్గాలు తీసుకుని, ట్రంపెట్‌కి ప్యాట్ హాల్‌కాక్స్‌ని తెచ్చుకున్నాడు. హాల్‌కాక్స్ 2008 దాకా, అంటే 54 ఏళ్లు, ఆ కుర్చీలోనే ఉన్నాడు! ‘న్యూ ఆర్లియన్స్ జాయ్స్’లో ‘బాబీ షాఫ్టో’ వినండి. అది ఇంగ్లండ్ ఈశాన్యపు పాత జానపదం. దాన్ని తీసుకెళ్లి న్యూ ఆర్లియన్స్ నడకలో పెట్టారు. అనుకరణే అయితే ఈ ఆలోచన రాదు. ఇదే ఎల్పీలో డోనెగన్ గిటార్ పట్టుకుని పాడిన ‘రాక్ ఐలాండ్ లైన్’ ఉంది. బార్బర్ ట్రాంబోన్ పక్కన పెట్టి బేస్ అందుకున్నాడు, బెరిల్ బ్రైడన్ బట్టలుతికే రేకు పలక మీద తాళం వేసింది. 1956లో సింగిల్‌గా అది పెద్ద హిట్టయి, బ్రిటన్ కుర్రాళ్ల చేతికి గిటార్లు ఇచ్చింది. లివర్‌పూల్‌లో, తర్వాత బీటిల్స్‌లో పాడిన జాన్ లెనన్ మొదటి బ్యాండు ఆ ఊపులో పుట్టిందే.

రాత్రిపూట నేను పెట్టేది ‘పెటీత్ ఫ్లర్’. న్యూ ఆర్లియన్స్ క్లారినెట్ వాదకుడు సిడ్నీ బెషే స్వరపరచిన పాట. 1956 అక్టోబర్లో బార్బర్ బ్యాండు పేరుతో రికార్డయినా ఇందులో ట్రంపెట్, ట్రాంబోన్ వినిపించవు. సన్‌షైన్ క్లారినెట్, దానికి గిటార్, బేస్, డ్రమ్స్ తోడు. 1959లో బ్రిటన్‌లో 3వ స్థానానికి, అమెరికాలో 5వ స్థానానికి వెళ్లింది. హెడ్‌ఫోన్స్‌తో వింటే కింది స్థాయిలో క్లారినెట్ గొంతు కర్రలా పొడిగా, వెచ్చగా ఉంటుంది. పైకి వెళ్లేటప్పుడు సన్‌షైన్ స్వరాన్ని కొద్దిగా వణికిస్తాడు. ఆ వణుకు దగ్గర బాబాయి ప్రతిసారీ “ఆఁ” అనేవారు.

ట్రంపెట్ వాదకుడు హంఫ్రీ లిటిల్టన్ బ్యాండు ‘బ్యాడ్ పెన్నీ బ్లూస్’ (1956) ఇంకో దారి. జానీ పార్కర్ పియానోలో ఎడమ చెయ్యి గదంతా నిండిపోతుంది. రికార్డింగ్ ఇంజనీర్ జో మీక్ కావాలనే దాన్ని అలా ముందుకు తోశాడు. తర్వాత బీటిల్స్ ‘లేడీ మడోనా’ పియానోకి ప్రేరణ ఇదే. ఒకదాని తర్వాత ఒకటి పెట్టి వింటే చెప్పక్కర్లేదు. ఒటిలీ ప్యాటర్సన్ గురించి కూడా ఒక మాట. ఉత్తర ఐర్లాండ్‌లోని కౌంటీ డౌన్ అమ్మాయి, 1955 నుంచి బార్బర్ బ్యాండుతో బ్లూస్ పాడింది. ఆమె పాడుతుంటే పక్కగదిలో వేరే పని పెట్టుకోలేను.

నచ్చనివీ చెప్పాలి. బాంజో చాలాచోట్ల ఒకే దెబ్బ కొడుతుంది, గంట దాటితే తల వాచిపోతుంది. అందుకే ఒక పూటకి ఒక ఎల్పీయే వింటాను. 1961-62లో ట్రాడ్ పిచ్చి ముదిరినప్పుడు వచ్చిన రికార్డుల్లో చాలావరకు వేషం ఎక్కువ. గుండ్రటి టోపీలు, చారల కోట్లు, అవే పాటలు. ట్రంపెట్ వాదకుడు కెన్నీ బాల్ ‘మిడ్‌నైట్ ఇన్ మాస్కో’ రష్యన్ పాటని హుషారుగా వాయించిందే, నేనూ ఇష్టంగానే వింటాను, కానీ రెండోసారి వింటే కొత్తగా ఏమీ దొరకదు. క్లారినెట్ వాదకుడు ఆకర్ బిల్క్ ‘స్ట్రేంజర్ ఆన్ ద షోర్’ 1962లో అమెరికాలో నంబర్ వన్ అయింది, 1969లో అపోలో 10 వ్యోమగాములు దాని టేపు వెంట తీసుకెళ్లారు. అందమైన పాటే. కానీ చుట్టూ వయొలిన్లు, మధ్యలో ఒక్క క్లారినెట్. ట్రాడ్ కోసం వచ్చినవాళ్లకి ఆకలి తీరదు. బిల్క్‌ని వినాలంటే తన బ్యాండుతో వాయించినవే వినాలి.

కొనేవాళ్లకి నా అనుభవం. పాత ఎల్పీని లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడాలి. పైపై గీతల కంటే, గాడి లోపల బూడిద రంగు తేలితే ప్రమాదం. బరువైన సూదులు అరగదీసిన గుర్తు అది. ట్రంపెట్ గట్టిగా పలికిన ప్రతిచోటా బరబరమంటుంది. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొన్న ఒక రికార్డు అప్పడంలా వంకర తిరిగి వచ్చింది, డబ్బులు వెనక్కి రాలేదు. ఇవన్నీ మోనో రికార్డులు, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని. నా ఆంప్లిఫయర్‌లో మోనో బటన్ నొక్కాక చిటపట సగానికి తగ్గింది. ఈ టెన్షన్ వద్దనుకుంటే ఇంగ్లండ్‌లో కంబ్రియాకి చెందిన లేక్ రికార్డ్స్ వాళ్ల సీడీలు తీసుకోండి. శుభ్రం చేశారు గానీ ప్రాణం తీసెయ్యలేదు. సన్‌షైన్ ఊపిరి తీసుకోవడం కూడా అలాగే ఉంచారు.

‘న్యూ ఆర్లియన్స్ జాయ్స్’ నా ప్రతి ఇప్పుడు ‘చైమ్స్ బ్లూస్’ దగ్గర ఒకచోట దూకుతోంది. ఇంకో ప్రతి కొన్నాను గానీ చేతికి వచ్చేది పాతదే. కాల్యర్ 1953 నాటి 10 అంగుళాల ఒరిజినల్ మాత్రం నాకు ఇంకా దొరకలేదు.